అమావాస్య చూసుకొని బయలుదేరాం: దక్షిణాఫ్రికాలో అరుదైన జంతువుల కోసం పదమూడు రాత్రులు

ఆగస్టు 3వ తేదీన నేనూ మా అమ్మాయీ శంషాబాద్‌లో దిగాం. అప్పటి నుంచి ఇంటికి వచ్చిన ప్రతివారూ మొదట అడిగింది సింహాల గురించే. సింహాన్ని చూశాం గాని మేము వెళ్లింది దాని కోసం కాదు. డిగ్రీ కళాశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు జంతుశాస్త్రం చెప్పిన నాకు, బోర్డు మీద ఎన్నోసార్లు బొమ్మ గీసి కూడా ఒక్కసారైనా కళ్లారా చూడని జంతువులు కొన్ని మిగిలిపోయాయి. నేల తవ్వి చీమలూ చెదలూ తినే ఆర్డ్‌వార్క్, చెదలే తిని బతికే ఆర్డ్‌వుల్ఫ్, నల్లపాదాల పిల్లి, కేప్ కొండ జీబ్రా, బాంటెబాక్ అనే జింక, నదీతీరపు కుందేలు అనే ఈ ఆరింటి పేర్లూ ఒక కాగితం మీద రాసుకొని, ఉద్యోగ విరమణ సొమ్ములో కొంత దీనికోసమే పక్కన పెట్టుకున్నాను.

ఈ వయసులో ఇంత దూరం ఎందుకని మా అన్నయ్య అడిగినప్పుడు రోళ్లపాడు సంగతి చెప్పాను. 1991లో మా విద్యార్థులను అక్కడికి తీసుకువెళ్లినప్పుడు ఒకే ఉదయం నాలుగు బట్టమేక పిట్టలను చూశాం. ఆ పక్షి కోసమే 1988లో అభయారణ్యంగా ప్రకటించిన నేల అది. ఉద్యోగ విరమణకు ముందు చివరిసారి వెళ్లినప్పుడు రెండు రోజులు తిరిగినా ఒక్కటీ కనబడలేదు. ఉన్నప్పుడు మళ్లీ మళ్లీ వెళ్లి చూడలేదే అన్న బాధ నన్ను ఇంకా వదలలేదు. అన్నయ్య ఆ తరువాత మరేమీ అడగలేదు.

జనవరి మూడో వారంలో, చిన్న జంతువులను చూపించడంలో అనుభవం ఉన్న ఒక గైడుకు ఉత్తరం రాశాం. ఆయన మొదటి జవాబులో ధర ఎంతో చెప్పలేదు, ఎన్ని రోజులు ఉంటారని అడగలేదు, అమావాస్య ఎప్పుడో చూసుకొని తేదీలు నిర్ణయించుకోమని మాత్రమే రాశారు. వెన్నెల ఉన్న రాత్రి చాలా జంతువులు బయటికి రావడానికి జంకుతాయనీ, వచ్చినా లైటు వెలుగులో వాటి కళ్ల మెరుపు సరిగా పట్టుకోలేమనీ వివరించారు. రెండో షరతు చలికాలం. జూలైలో అక్కడ రాత్రిళ్లు గడ్డకట్టే చలి కాబట్టి ఆర్డ్‌వార్క్, ఆర్డ్‌వుల్ఫ్ లాంటివి పొద్దు గూకకముందే మేతకు బయలుదేరతాయి. గోడ క్యాలెండరులో వెతికితే ఆషాఢ అమావాస్య జూలై 24న వచ్చింది. మన చుక్కల అమావాస్య. ఆ రోజు మధ్యలో వచ్చేలా జూలై 20 నుంచి ఆగస్టు 2 వరకు తేదీలు ఖాయం చేసుకున్నాం.

యాత్ర రుసుము మనిషికి 68,500 రాండ్లు, అంటే అప్పటి మారకం ప్రకారం సుమారు 3 లక్షల 32 వేల రూపాయలు. అందులో మూడో వంతు ముందుగా కట్టాలి. విదేశీ యాత్ర కోసం డబ్బు పంపేటప్పుడు బ్యాంకు టీసీఎస్ కింద, అంటే ముందుగానే వసూలు చేసే పన్ను కింద, అప్పట్లో 5 శాతం అదనంగా పట్టుకునేదని నాకు ముందు తెలియదు. అది పన్ను లెక్కలో తిరిగి కలుస్తుంది గాని, ఆ పూట ఖాతాలో ఆ సొమ్ము కూడా సిద్ధంగా ఉండాలి.

వీసా కోసం మే 6న హైదరాబాదులో దరఖాస్తు ఇచ్చాం. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, రానూపోనూ టిక్కెట్లు, ప్రతి రాత్రీ ఎక్కడ బస చేస్తామో చూపే కాగితాలు అడిగారు. నాకు జీతపు పత్రాలకు బదులు పింఛను పత్రం చాలుతుందా లేదా అన్న విషయంలో కౌంటరు దగ్గర ఒకరు ఒక మాట, మరొకరు ఇంకో మాట చెప్పడంతో, అదే రోజు మధ్యాహ్నం మళ్లీ ఇంటికి వెళ్లి ట్రెజరీ కాగితాలన్నీ తీసుకురావలసి వచ్చింది. పాస్‌పోర్టులు మే 30న, అంటే ఇరవై నాలుగు రోజులకు చేతికి వచ్చాయి. విమానాన్ని మేము దుబాయి మీదుగా ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. పచ్చజ్వరం ఉన్న ఆఫ్రికా దేశాల మీదుగా వెళ్తే ఆ టీకా పత్రం సంగతి చూసుకోవాలి, తిరిగి వచ్చేటప్పుడు మన దేశంలోనూ అడుగుతారు. నా వయసులో ఆ టీకా వేయించుకోవడానికి మా డాక్టరు గారు సందేహించారు.

జూలై 20 సాయంత్రం జొహన్నెస్‌బర్గ్‌లో దిగేసరికి మా అమ్మాయి పెట్టె వచ్చింది గాని నాది రాలేదు. ఉన్ని బట్టలన్నీ నా పెట్టెలోనే ఉన్నాయి. మరునాడు చిన్న విమానంలో కింబర్లీ చేరి, గైడు గారి సలహా మీద ఊళ్లో ఒక దుకాణంలో మందపాటి కోటు, చేతి తొడుగులు, ఉన్ని టోపీ కొనుక్కున్నాను. 1,450 రాండ్లు అయ్యాయి. పెట్టె 22వ తేదీ సాయంత్రానికి గాని రాలేదు. వెళ్లేవారు ఒక జత వెచ్చని బట్టలైనా చేతి సంచిలో పెట్టుకోవాలని నా గట్టి సలహా. ఇంకొక చిన్న సంగతి కూడా చెప్పాలి. మేము కొనుక్కొని వెళ్లిన ప్లగ్ అడాప్టరు ఒక్కచోట కూడా పట్టలేదు. మన ఇళ్లలో గీజరుకూ ఏసీకీ వాడే 15 ఆంపియర్ల లావు పిన్నుల ప్లగ్గు మాత్రం అక్కడి సాకెట్లలో చక్కగా పట్టింది. మా అమ్మాయి అలాంటి పిన్ను ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చుకోవడం వల్ల బతికిపోయాం.

కింబర్లీ అంటే వజ్రాల ఊరు. కోహినూరు పుట్టిన నేల నుంచి వచ్చినదాన్ని కాబట్టి, మనుషులు చేతులతో తవ్విన ఆ పెద్ద గొయ్యిని అరగంట చూశాను. కానీ నా మనసంతా సాయంత్రం మీదే ఉంది. మా బస ఊరికి బయట ఒక ప్రైవేటు ఫారంలో. గుంపులో మొత్తం ఆరుగురం. మేమిద్దరం కాక ఒక డచ్ దంపతులు, ఇంగ్లండు నుంచి వచ్చిన ఇద్దరు స్నేహితులు. సాయంత్రం నాలుగింటికి పైకప్పు లేని బండి ఎక్కితే దిగేది అర్ధరాత్రి దాటాకే. బండి మెట్టు నా మోకాలి కంటే ఎత్తు. మొదటి రోజు నేను పడే ఇబ్బంది చూసి, లైటు పట్టే యువకుడు రెండో రోజుకు ఒక చెక్కపీట తెచ్చి పెట్టాడు. అతని మాతృభాష సెత్స్వానా. ఆ భాషలో పెద్ద ఆడవారిని గౌరవంగా ‘మ్మా’ అంటారట. చీకట్లో వెనక్కి తిరిగి అతను ‘మ్మా’ అన్నప్పుడల్లా మా ఇంటి పిల్లవాడెవరో పిలిచినట్టే అనిపించేది.

మొదటి రాత్రి చలి మూడు డిగ్రీలు మైనస్‌లోకి వెళ్లింది. ఒక్కొక్కరికీ ఒక రగ్గు, గుడ్డ తొడుగు వేసిన ఒక వేడినీళ్ల సంచీ ఇచ్చారు. రెండు గంటల్లో ఆ సంచీ చల్లబడిపోయింది. కర్నూలులో 44 డిగ్రీల ఎండకు అలవాటుపడిన శరీరం నాది. పది గంటలకల్లా కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు, గాలిలో తడి లేక ముక్కులోంచి కాస్త రక్తం కూడా వచ్చింది. ముక్కు లోపల వ్యాజలీన్ రాసుకొమ్మని గైడు చెప్పిన తరువాత ఆ బాధ తగ్గింది. మరుగుదొడ్డి ఉండదు. బండికి వెనకవైపు, ముందుగా లైటు వేసి చూసి చెప్పిన చోటుకే వెళ్లాలి. దీనికి సిగ్గుపడి నీళ్లు తాగడం మానేస్తే మరునాడు తలనొప్పి తప్పదు. ఆడవారు ఈ విషయం ముందే తెలుసుకొని వెళ్లడం మంచిది కాబట్టి రాస్తున్నాను.

ఆ రాత్రి లైటు వెలుగులో వందలాది కళ్లు కనబడ్డాయి. ఏ కళ్లు ఏ జంతువువో గుర్తుపట్టడం గైడుకూ లైటు పట్టే యువకుడికీ అక్షరాలు చదవడం లాంటిది. ఎగురుతూ దిగుతూ వెళ్లే కళ్లు స్ప్రింగ్‌హేర్‌వి. కుందేలు కాదు, కంగారూలా గెంతే ఎలుక జాతి జంతువు అది. నేలకు దగ్గరగా, జంటగా, అటూ ఇటూ తిరిగేవి గబ్బిలం చెవుల నక్కవి. ముళ్లపంది వెళ్తుంటే ముళ్లు రాసుకున్న చప్పుడు వినబడింది. ఆర్డ్‌వార్క్ మాత్రం లేదు. 22వ తేదీ పొద్దు వాలే వేళ ఆర్డ్‌వుల్ఫ్ కనబడింది. దుమ్ములగొండి కుటుంబానికి చెందినదైనా చెదపురుగులే దీని ఆహారం. ఒక్క రాత్రిలో రెండు లక్షలకు పైగా చెదలను నాలుకతో నాకేస్తుంది. చారల ఒంటితో, నిక్కబొడుచుకున్న జూలుతో అది పుట్ట పుట్టకూ ఆగుతూ వెళ్తుంటే పాతిక నిమిషాలు చూశాం. ఆ రాత్రి కూడా ఆర్డ్‌వార్క్ జాడ లేదు. కొత్తగా తవ్విన గోతులు కనబడ్డాయి, మట్టి ఇంకా తడిగా ఉంది, అంతే. బసకు వచ్చి పడుకున్నాక మా అమ్మాయి, “అమ్మా, ఇంత ఖర్చు పెట్టి వచ్చాక ఇది కనబడకపోతే నీకు కష్టంగా ఉండదా?” అని అడిగింది. ఉంటుందనే చెప్పాను.

23వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర. లైటు ఒక పక్కకు తిరిగి, ఆగి, వెంటనే నేల మీదికి వంగింది. గైడు ఇంజను ఆపారు. చాలాసేపు నాకేమీ కనబడలేదు, ఏదో గడ్డపారతో ఎండునేలను తవ్వుతున్న చప్పుడు మాత్రం వినబడింది. గాలి ఎటు వీస్తోందో మట్టి జారవిడిచి చూసి, ఇద్దరిద్దరిని నడిపించుకొని వెళ్లారు. ఆర్డ్‌వార్క్‌కు చూపు తక్కువ, చెవులూ ముక్కూ మాత్రం చాలా చురుకు. అందుకే కోటు జిప్పు లాగిన చప్పుడు కూడా కాకూడదు, గాలికి ఎదురుగానే నడవాలి. నా వంతు వచ్చినప్పుడు అది పదిహేను అడుగుల దూరంలో ఉంది. పంది మూతి, గాడిద చెవులు, కంగారూ తోక అని పాఠంలో చెప్పేదాన్ని. దగ్గరగా చూస్తే అది వేటిలాగానూ లేదు. తల మొత్తం గోతిలో పెట్టి, వెనక్కి మట్టి ఎగజిమ్ముతూ, మధ్యలో ఊపిరి కోసం తల బయటికి తీసి, మళ్లీ లోపలికి పెట్టేది. నా బూట్ల మీద మట్టి పడింది. ట్యూబులిడెంటేటా అనే క్రమంలో నేడు బతికి ఉన్న ఒకే ఒక జాతి ఇదని, దంతాల మీద ఎనామిల్ ఉండదని, దంతాలు సన్నని గొట్టాల కట్టలా ఉంటాయని ముప్పై ఒక్క ఏళ్లు చెప్పాను. ఆ వాక్యాలేవీ అప్పుడు గుర్తు రాలేదు. తడి మట్టి వాసన, దాని ఊపిరి చప్పుడు మాత్రమే నాకు తెలిశాయి. పద్నాలుగు నిమిషాలు అక్కడే ఉన్నామని మా అమ్మాయి తరువాత చెప్పింది. తిరిగి బండి దగ్గరికి నడిచేటప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. డచ్ ఆవిడ నా చేయి పట్టుకొని ఏమీ అనకుండా నడిచారు.

వేడి టీ తాగేటప్పుడు గైడు ఒక విషయం చెప్పారు. పట్టపగలు ఆర్డ్‌వార్క్ కనబడితే యాత్రికులు సంతోషిస్తారు గాని, అది బక్కచిక్కి ఉంటే ఆకలికి బయటికి వచ్చిందని అర్థమట. 2013లో కలహారీలో కరవు వచ్చినప్పుడు చీమలూ చెదలూ తగ్గిపోయి, పరిశోధకులు గమనిస్తున్న ఆర్డ్‌వార్కులలో ఎక్కువ భాగం చనిపోయాయి. కరవు సీమ నుంచి వచ్చిన నాకు ఆ మాట మరింత వివరించనక్కరలేదు. ఇది తవ్వి వదిలిన బొరియల్లోనే అక్కడి నక్కలూ పిల్లులూ ముళ్లపందులూ కాపురం పెడతాయి కాబట్టి, ఇది పోతే వాటి ఇళ్లు కూడా పోతాయి.

24వ తేదీ చుక్కల అమావాస్య. వృశ్చికరాశి సరిగ్గా నడినెత్తి మీద ఉంది. మన దగ్గర దక్షిణ దిక్కున కిందుగా కనబడే తేలు అక్కడ ఆకాశం మధ్యలో పడుకుంది, దాని వెనక పాలపుంత నేల నుంచి నేల దాకా పరుచుకొని ఉంది. లైటు ఆర్పి రెండు నిమిషాలు కూర్చోమన్నారు. ఆ చీకటిని నేను చిన్నప్పుడు మా తాతగారి ఊళ్లో చూశాను, ఆ తరువాత చూడలేదు.

నల్లపాదాల పిల్లి రాత్రి పది గంటల యాభై నిమిషాలకు కనబడింది. ఆఫ్రికాలో అన్నిటికన్నా చిన్న పిల్లి, పెద్ద మగది కూడా రెండున్నర కిలోలు దాటదు. గడ్డిలో ఒక ఆకుపచ్చని మెరుపు, వెంటనే ఏమీ లేదు. చెవులు నేలకు అదిమి పడుకుంటే పుట్టకూ దానికీ తేడా తెలియదు. లైటుకు ఎర్రని తొడుగు వేసి ఇంజను ఆపి కాచుకున్నాం. ఆరు నిమిషాలకు అది లేచి మమ్మల్ని పట్టించుకోకుండా వేట మొదలుపెట్టింది. కొంచెం నడవడం, ఆగి వినడం, మళ్లీ నడవడం. ఒక్కసారి గాలిలోకి లేచి గడ్డిలో దూకి, చిన్న ఎలుకను పట్టుకొని అక్కడే తింది. ఒక్క రాత్రిలో పదికి పైగా వేటలు చేయగల జీవి ఇది. కింబర్లీకి దగ్గరలోనే ఉన్న బెన్‌ఫొంటీన్‌లో 1990ల నుంచి దీని మీద పరిశోధన జరుగుతోంది. లేకపోతే ఇంత చిన్న, ఇంత గుట్టుగా బతికే పిల్లి గురించి మనకు తెలిసేది చాలా తక్కువ. మన నల్లమలలోనూ దాదాపు ఇంతే చిన్నదైన తుప్పుమచ్చల పిల్లి ఉంది. దాన్ని నేను ఇంతవరకు చూడలేదు. ఆ రాత్రి ఆ సంగతి నన్ను కలచివేసింది.

25, 26 తేదీలు మొకాలా జాతీయ పార్కులో. ఆ పేరు తుమ్మజాతి చెట్టు ఒకదానికి సెత్స్వానాలో ఉన్న పేరు. అక్కడ తెల్లతోక నల్ల వైల్డెబీస్ట్ మందలను చూశాం. ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగానికే చెందిన ఈ జంతువు వేటకు దాదాపు అంతరించిపోయి, కొద్దిమంది రైతులు తమ పొలాల్లో కాపాడుకోవడం వల్ల మిగిలింది. ఖడ్గమృగం కనబడినప్పుడు ఫోన్లలో లొకేషన్ ఆపమని, ఆ ఫోటోలు ఎక్కడ తీశామో ఎవరికీ చెప్పవద్దని గైడు గట్టిగా కోరారు. వేటగాళ్లు ఫోటోలను బట్టి కూడా జాడ పట్టుకుంటారట. అందుకే నేను కూడా ఇక్కడ ఆ చోటు గురించి ఏమీ రాయడం లేదు.

తిండి గురించి చాలామంది అడిగారు. మేమిద్దరం శాకాహారులమని ముందే రాశాం, ప్రతి బసలోనూ గుర్తుపెట్టుకున్నారు. జున్ను, రొట్టె, కాల్చిన గుమ్మడి తిని తిని నాలుగో రోజుకు విసుగు వచ్చింది. మొకాలాలో వంటావిడ మొక్కజొన్న పిండితో గట్టిగా ఉడికించిన పాప్, పక్కన చకలక అనే కారపు కూర పెట్టారు. ముద్ద చేతిలోకి తీసుకున్నాక అది మన సంకటే. నేను తెచ్చుకున్న శనక్కాయల పొడి ఆవిడకు ఇచ్చాను. ఆవిడ మరింత సంకటి పెట్టారు.

27న కింబర్లీ దారిలోకి మళ్లీ వచ్చి ఎన్12 రోడ్డు మీద బ్యూఫోర్ట్ వెస్ట్ చేరడానికి పగలంతా పట్టింది. రెండు రాత్రులు కారూ జాతీయ పార్కులో ఉన్నాం. సింహం ఇక్కడే కనబడింది. అయిదు నిమిషాలు చూసి ముందుకు వెళ్లాం, గుంపులో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. 28వ తేదీ ఉదయం కేప్ కొండ జీబ్రాలు తొమ్మిది, కొండవాలు మీద. చారలు సన్నగా, దగ్గరగా ఉండి, కడుపు మాత్రం తెల్లగా ఉంటుంది. తోక పైన నిచ్చెన మెట్లలాంటి గీతలు, గొంతు దగ్గర వేలాడే చర్మం చూసి వీటిని గుర్తుపట్టాలి. 1937లో వీటి కోసం క్రాడక్ దగ్గర జాతీయ పార్కు పెట్టినప్పుడు అందులో ఉన్నవి అయిదు మగవి, ఒక ఆడది మాత్రమే. అవి కూడా చనిపోతే, పక్క పొలాల రైతులు ఇచ్చిన జీబ్రాలతో మళ్లీ మొదలుపెట్టారు. వీటి దగ్గరి బంధువైన క్వాగా ఇదే కారూలో మందలుగా తిరిగేది. చివరిది 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జంతుప్రదర్శనశాలలో చనిపోయింది.

29, 30 తేదీలు నదీతీరపు కుందేలుకు. బారీడేల్‌కు పశ్చిమంగా ఉన్న ఒక ప్రైవేటు అభయారణ్యంలో బస. అంతరించే ప్రమాదం అత్యంత ఎక్కువగా ఉన్న క్షీరదాలలో ఇది ఒకటి, ఎండిపోయిన వాగుల ఒడ్డున ఉండే మెత్తటి ఒండ్రునేలలో మాత్రమే బొరియ తవ్వి పిల్లల్ని పెడుతుంది, అదే ఒండ్రునేలను సేద్యం కోసం దున్నడం వల్ల దానికి చోటు లేకుండా పోయింది. నోటి మూల నుంచి చెవి వైపు దవడ మీదుగా సాగే ముదురు గీత, కళ్ల చుట్టూ తెల్లని వలయం దీని గుర్తులు. ఆ గీత కనబడితే తప్ప మామూలు చెవులపిల్లేనని, అంటే వేరే జాతి కుందేలేనని అనుకోవాలని గైడు ముందే చెప్పారు. మొదటి రాత్రి నెలవంక పది దాటాక గాని అస్తమించలేదు. ఏటి ఒడ్డున ఉన్న మట్టిదారిలో ఒక మలుపు దగ్గర బండి ఆపి, లైటు వేస్తూ ఆర్పుతూ, రెండు గంటల సేపు కదలకుండా కూర్చున్నాం. ఎనిమిది చెవులపిల్లులు వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ దుర్భిణిలో దవడ వెతికి, కాదనుకున్నాం. రెండో రాత్రి చినుకులు పడ్డాయి. మా అమ్మాయికి జ్వరం వచ్చి బసలోనే ఉండిపోయింది. తల్లిగా దాని పక్కన ఉండాలో బండెక్కాలో తేల్చుకోలేక గుమ్మంలో నిలబడితే, “వెళ్లమ్మా, నువ్వు ఇక్కడ ఉంటే నాకు నిద్ర పట్టదు” అని తనే తలుపు వేసుకుంది. తడిసిన రగ్గు కప్పుకొని అర్ధరాత్రి దాకా అదే మలుపు దగ్గర కూర్చున్నాను. కుందేలు రాలేదు. గైడు మొహంలో నాకన్నా ఎక్కువ బాధ కనబడింది. రాని జంతువుకు ఆయన బాధ్యుడు కాదని చెప్పాను గాని, బసకు వచ్చేదాకా ఆయన మాట్లాడలేదు.

31న స్వెల్లెండామ్ పక్కన బాంటెబాక్ జాతీయ పార్కు. మా అమ్మాయి జ్వరం తగ్గింది. 1931లో బాంటెబాక్ కోసం మొదట బ్రెడాస్‌డార్ప్ దగ్గర పార్కు పెట్టినప్పుడు దానిలో చేర్చినవి పదిహేడు జంతువులు. నేల సరిపడక 1960లో స్వెల్లెండామ్‌కు మార్చారు. నేడు భూమి మీద ఉన్న ఈ జింకలన్నీ ఆనాటి గుప్పెడు జంతువుల సంతతే. బ్రీడ్ నది వైపు దిగే దారిలో, పూలు విచ్చుతున్న చిన్న పొదల మధ్య ఒక మంద మేస్తోంది. చాక్లెట్ రంగు వీపు, నుదుటి నుంచి ముక్కు దాకా సున్నం పూసినట్టు తెల్లని పట్టీ. మా అమ్మాయి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పదిహేడు దాటి ఇరవై మూడు దగ్గర ఆపి నా వైపు చూసింది. రోళ్లపాడు గడ్డినేల ఎలా ఉంటుందో దానికి తెలుసు, చిన్నప్పుడు నా వెంట వచ్చింది. మేమిద్దరం చాలాసేపు బండి దిగకుండా అక్కడే ఉన్నాం.

ఆగస్టు 1న డి హూప్‌లో ఇసుక తిన్నెల మీద నుంచి తిమింగలాలను చూశాం, 2న కేప్‌టౌన్‌లో విమానం ఎక్కాం. విమానాలు, బీమా, వెచ్చని బట్టలు, గైడుకూ లైటు పట్టిన యువకుడికీ ఇచ్చిన బహుమతి కలుపుకొని మనిషికి మొత్తం సుమారు 4 లక్షల 60 వేలు అయింది. బహుమతి సంగతి రుసుములో ఉండదు, నగదు రాండ్లు విడిగా ఉంచుకోవాలి. పెట్రోలు బంకుల్లో అద్దాలు తుడిచే వారికీ, బండ్లు కాపలా కాసే వారికీ చిల్లర కావాలి. మోకాళ్ల నొప్పి తగ్గడానికి నాకు వారం పట్టింది.

కిందటి వారం గైడు దగ్గర నుంచి ఒక ఫోటో వచ్చింది. ఆగస్టు 21 రాత్రి ఎనిమిది నలభైకి, మా తరువాత వెళ్లిన గుంపుకు నదీతీరపు కుందేలు కనబడింది. దవడ మీద గీత స్పష్టంగా ఉంది. మా అమ్మాయికి చూపిస్తే, ఎక్కడ కనబడిందని అడిగింది. నేను రెండు రాత్రులూ కూర్చున్న మలుపు దగ్గరే.